చుట్టరికం లేని చోట సేవ

సంపాదకుల వారికి నమస్కారాలు.

ఈశాన్య రాష్ట్రాల్లో ఇల్లూ ఊరూ వదులుకుని శిబిరాల్లో తలదాచుకుంటున్న కుటుంబాల గురించి మన తెలుగు పత్రికల్లో వచ్చే వార్తలు చాలావరకు రెండే రకాలుగా ఉంటున్నాయి. కాల్పులు జరిగిన రోజున ఎందరు చనిపోయారు, ఎందరు పారిపోయారు అన్న లెక్క ఒకటి. సరిహద్దు, చొరబాటు, కంచె అన్న వాదన మరొకటి. ఈ రెండింటి నడుమ ఆ కుటుంబాలు ఇన్నేళ్లుగా ఎలా బతుకుతున్నాయో, వారికి బియ్యం ఎవరు ఇస్తున్నారో, ఆదివారం వారు ఎక్కడ కూడుకుంటున్నారో మనకు తెలియడం లేదు. మా క్రైస్తవ సంఘాల్లో వారి కోసం ప్రార్థనలు జరుగుతున్నాయి, అప్పుడప్పుడు కానుకలు కూడా పోగవుతున్నాయి. ఆ కానుకలు ఎవరికి చేరాలన్న విషయంలో నాకొక గట్టి అభిప్రాయం ఉంది. అది క్రైస్తవులకు మాత్రమే సంబంధించినది కాదనుకుంటున్నాను గనుక మీ పత్రిక ద్వారా అందరి ముందూ పెడుతున్నాను.

2021 ఫిబ్రవరి 1న మయన్మార్‌లో సైన్యం అధికారాన్ని చేజిక్కించుకున్న తరువాత, ఆ దేశపు పడమటి కొండల్లోని చిన్ రాష్ట్రం నుంచి జనం టియావు నది దాటి మిజోరంలోకి రావడం మొదలైంది. ఆ ఏడాది సెప్టెంబరులో థాంత్‌లాంగ్ పట్టణం మీద ఫిరంగి గుండ్లు పడి ఇళ్లు అంటుకున్నప్పుడు, మంటలార్పడానికి పరుగెత్తిన చుంగ్ బియాక్ హూమ్ అనే యువ బాప్టిస్టు పాస్టరును సైనికులు కాల్చి చంపారు. సుమారు 10 వేల మంది ఉండిన ఆ పట్టణం కొద్ది రోజుల్లోనే ఖాళీ అయింది. ఖాళీ ఇళ్లూ మందిరాలూ ఆ తరువాత విడతలు విడతలుగా తగలబడ్డాయి. 2023 నవంబరులో సరిహద్దులోని సైనిక శిబిరాల కోసం చిన్ దళాలకూ సైన్యానికీ పోరు జరిగినప్పుడు ఒక్కసారిగా 5 వేల మంది దాకా చంఫాయ్ జిల్లాలోని జోఖావ్‌థార్ గ్రామంలోకి వచ్చి పడ్డారు. బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ కొండల నుంచి 2022 నవంబరు మొదలుకొని బామ్ తెగవారు వస్తున్నారు. 2023 మే 3న లోయలోని మెయితీలకూ కొండల్లోని కుకీ-జో తెగలకూ మధ్య ఘర్షణతో మణిపూర్ అంటుకున్నాక అక్కడి కుకీ-జో కుటుంబాలు కూడా వచ్చాయి. ఒక దశలో వారి సంఖ్య 12 వేలు దాటింది. మయన్మార్ నుంచి వచ్చినవారే ఒక దశలో 30 వేలు దాటారు. 2011 జనాభా లెక్కల ప్రకారం మిజోరం మొత్తం జనాభా 11 లక్షల లోపే. మన విశాఖ నగరం కన్నా తక్కువ జనం ఉన్న ఒక రాష్ట్రం, ప్రతి పాతికమందికి ఒక్కరు చొప్పున నిర్వాసితుల్ని తన ఇళ్లలోనూ మందిరాల్లోనూ పెట్టుకుందన్న మాట.

ఇది ఎలా సాధ్యమైందో చెప్పాలంటే ముందుగా వంటింట్లోకి వెళ్లాలి. మిజో ప్రెస్బిటేరియన్ స్త్రీలు 1910 నుంచి ఒక అలవాటు పాటిస్తున్నారు. పూటపూటా వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక గుప్పెడు తీసి వేరే పాత్రలో పోస్తారు. స్త్రీల సమాజం వారు ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యాన్ని పోగుచేస్తారు. అమ్మగా వచ్చిన సొమ్ము సువార్త పనికీ సేవకూ పోతుంది. పేదరాలు కూడా ఇవ్వగల కానుక ఇది. మన కృష్ణా, గుంటూరు, ఖమ్మం పల్లెల్లోని పాత సంఘాల వారికి 'పిడికెడు బియ్యం' అంటే వెంటనే తెలుస్తుంది. మా అమ్మగారి తరం దాకా అది మా ఇంట్లోనూ ఉండేది. మనవైపు అది చాలాచోట్ల ఆగిపోయింది, లేదా కవరులో పెట్టే నోటుగా మారింది. మిజోరంలో మాత్రం ఆగలేదు. అందుకే 2021లో నది దాటి మొదటి కుటుంబాలు వచ్చినప్పుడు అక్కడివారు కొత్తగా దానధర్మాలు నేర్చుకోవలసిన అవసరం రాలేదు. బియ్యం పోగుచేసే చేతులూ, కొండ ఎక్కి మోసే యువకులూ, లెక్క రాసే పెద్దలూ ఊరూరా ముందే ఉన్నారు. మిజోల స్వచ్ఛంద సేవా సంఘమైన యంగ్ మిజో అసోసియేషన్ శాఖలు వెదురూ టార్పాలిన్లూ తెచ్చి గుడిసెలు కట్టించాయి. గ్రామ సభలు స్థలం చూపించాయి. స్త్రీల సమాజాలు గిన్నెలూ దుప్పట్లూ పోగుచేశాయి. రాజధాని ఐజ్వాల్‌లో కూరగాయలమ్మే వారి దగ్గరనుంచి ఉద్యోగుల దాకా తమ వంతు ఇచ్చినవారే.

శిబిరంలోని ఆరాధన గురించి కూడా రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే దాన్ని మనం తరచుగా తప్పుగా ఊహించుకుంటాం. బయటినుంచి ఎవరో పాస్టర్లు వచ్చి దిక్కులేని వారికి వాక్యం వినిపించి ఓదారుస్తున్నట్లు మన ప్రార్థనల్లో వినబడుతుంది. వాస్తవం వేరు. చిన్ కొండల్లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ కార్సన్ దంపతులు హఖాలో అడుగుపెట్టింది 1899లో. అంటే వారిది నాలుగైదు తరాల విశ్వాసం. ఊరు ఊరంతా ఒకచోటికి చేరిన శిబిరంలో ఆ ఊరి సంఘం పెద్దలే పెద్దలుగా కొనసాగుతారు, వారి పాస్టరే వారికి పాస్టరు, వారి ఆదివారపు బడి ఉపాధ్యాయురాలే పిల్లలకు పాఠం చెబుతుంది. హఖా, ఫలామ్, తెదిమ్, మారా — మాట మారితే పాట మారుతుంది గనుక ఒకే శిబిరంలో వేరువేరు వేళల్లో వేరువేరు భాషల్లో ఆరాధనలు జరుగుతాయి. మా సంఘానికి వచ్చే మిజో నర్సింగ్ విద్యార్థినులు చెప్పగా విన్నాను: టార్పాలిన్ మందిరంలో కూడా కానుకల సంచి తిరుగుతుందట, కూలి దొరికిన వారంలో దశమభాగం వేసేవారు కూడా ఉంటారట. నాకు ఆశ్చర్యం కలగలేదు. అన్నీ పోగొట్టుకున్న మనిషికి తీసుకోవడమే పనిగా మిగిలితే అంతకన్నా అవమానం మరొకటి ఉండదు. ఆరాధనలో వారు ఇచ్చేవారిగా నిలబడుతున్నారు. వారిని సేవ అందుకునే వరుసగా మాత్రమే చూసే మనం ఈ సంగతిని గమనించాలి.

అక్కడ నిజంగా చితికిపోయినది చెల్లాచెదురైన సంఘాల కాపరుల బతుకు. వారికి జీతం ఇచ్చేది సంఘమే. సంఘస్థులు సగం అడవుల్లో, సగం మిజోరంలో, కొందరు ఢిల్లీలో, కొందరు మలేసియాలో ఉంటే ఆ జీతం ఎక్కడినుంచి వస్తుంది? పగలు కూలికి పోయి, సాయంత్రం రోగుల దగ్గర ప్రార్థన చేసి, రాత్రి చనిపోయినవారి దగ్గర కూర్చోవలసిన పరిస్థితి వారిది. మిజోరంలో ఎవరింట చావు జరిగినా సమాధి తవ్వే పని ఊరి యువకులది. నిర్వాసితుల విషయంలో సమాధికి స్థలం ఎవరిస్తారన్న ప్రశ్న కూడా దానికి తోడవుతుంది. దుప్పట్లు పంచే ఫొటోల్లో ఈ పనేదీ కనబడదు.

మిజోలు ఇంతగా ఆదరించడానికి విశ్వాసం ఒక్కటే కారణమని నేననను. చిన్‌లు, కుకీలు, మిజోలు ఒకే మూలానికి చెందిన జనం. బ్రిటిషువారు గీసిన గీత వారిని రెండు దేశాల వారిని చేసింది. దానికి తోడు వారి జ్ఞాపకం ఒకటుంది. 1966 మార్చిలో మిజో తిరుగుబాటును అణచే క్రమంలో మన వైమానిక దళ విమానాలు ఐజ్వాల్ మీద దాడి చేశాయి. మరుసటి ఏటి నుంచి వందలాది గ్రామాలను ఖాళీ చేయించి, జనాన్ని రోడ్ల వెంబడి కాపలా గ్రామాల్లోకి తరలించారు. ఆ రోజుల్లో చాలామంది మిజోలు టియావు దాటి అవతలికి, అంటే ఇప్పుడు ఎవరైతే ఇటు వస్తున్నారో వారి తాతల ఊళ్లకు పోయి తలదాచుకున్నారు. 1986 జూన్ 30న ఒప్పందం కుదిరేదాకా ఇరవై ఏళ్లపాటు చర్చి పెద్దలు రెండు వైపులా రాయబారాలు నడిపారు. కాబట్టి 2021 మార్చిలో చొరబాటును అడ్డుకోవాలని కేంద్ర హోంశాఖ ఈశాన్య రాష్ట్రాలకు ఉత్తరం రాసినప్పుడు, మార్చి 18న అప్పటి ముఖ్యమంత్రి జోరంతంగా తన ప్రజల రక్తసంబంధీకుల బాధను చూస్తూ ఊరుకోలేమని ప్రధానమంత్రికి తిరిగి రాశారంటే అందులో రాజకీయం ఎంత ఉన్నా అనుభవం అంతకన్నా ఎక్కువ ఉంది. నిర్వాసితుల పిల్లలను ప్రభుత్వ బడుల్లో చేర్చుకోవాలని అదే ఏడాది ఆ రాష్ట్రం ఆదేశించడం కూడా చిన్న విషయం కాదు.

ఇంతవరకు పొగడ్తే. పొగడ్త దగ్గరే ఆగిపోతే మనం అసలు విషయం చెప్పనట్లే.

మొదటిది, ప్రభుత్వం చేయవలసిన పనిని చర్చి శాశ్వతంగా చేయలేదు. శరణార్థుల హోదాకు సంబంధించిన 1951 నాటి అంతర్జాతీయ ఒడంబడిక మీద మన దేశం సంతకం చేయలేదు. మనకంటూ శరణార్థుల చట్టమూ లేదు. అందువల్ల మయన్మార్ నుంచి వచ్చిన తల్లి చట్టం దృష్టిలో విదేశీయురాలు మాత్రమే. ఆమె పని, వైద్యం, అద్దె ఇల్లు అన్నీ ఇరుగుపొరుగు దయ మీద నడవాలి. దయకు అలసట ఉంటుంది. మొదటి ఏడాది వచ్చిన బియ్యం నాలుగో ఏడాది రాదు. కూలి రేటు పడిపోయిందన్న గొణుగుడూ, మత్తుమందుల రవాణా నేరమంతా కొత్తవారిదే అన్న అనుమానమూ బయలుదేరతాయి. ఇది మిజోల తప్పు కాదు. నాలుగేళ్లకు పైగా ఒక చిన్న రాష్ట్రపు ఇల్లాండ్ర గుప్పెడు బియ్యం మీద ఇంతమందిని వదిలేసినవారి తప్పు.

రెండోది నాకు ఇంకా ముఖ్యమైనది, క్రైస్తవులమైన మేము బయటికి చెప్పుకోవడానికి ఇష్టపడనిది. ఇదే మిజోరం నుంచి 1997లో మిజోలకన్నా వేరైన బ్రూ తెగ ప్రజలు 30 వేల మందికి పైగా ఇళ్లు వదిలి త్రిపురకు పారిపోయారు. బ్రూ సాయుధులు ఒక మిజో అటవీ ఉద్యోగిని చంపడంతో చెలరేగిన దాడులు అందుకు కారణం. కాంచన్‌పూర్ ప్రాంతపు శిబిరాల్లో వారు ఇరవై ఏళ్లకు పైగా గడిపారు. చివరికి 2020 జనవరి ఒప్పందం ప్రకారం త్రిపురలోనే స్థిరపడే ఏర్పాటు జరిగింది గానీ అందరూ సొంత ఊళ్లకు తిరిగి వెళ్లలేదు. చిన్ కుటుంబాలకు గుడిసెలు కట్టిన రాష్ట్రంలో ఎన్నో బ్రూ కుటుంబాలకు చోటు లేకపోయింది. మణిపూర్‌లోనూ ఇదే జరిగింది. 60 వేల మంది దాకా నిర్వాసితులైన ఆ ఘర్షణలో కుకీ సంఘాలు చురాచాంద్‌పూర్‌లో కుకీలను ఆదుకున్నాయి, లోయలో, ఎక్కువగా హిందువులైన మెయితీ సమాజం మెయితీలను ఆదుకుంది. ఈ రెండింటికీ చెందకుండా పోయినవారు మెయితీ క్రైస్తవులు. ఇంఫాల్ లోయలోని వారి మందిరాలు మొదటి రోజుల్లోనే ధ్వంసమయ్యాయని అప్పటి ఇంఫాల్ ఆర్చిబిషప్ డొమినిక్ లూమన్ బహిరంగంగా రాశారు. తెగ రీత్యా వారు ఒకరికి శత్రువులు, మతం రీత్యా మరొకరికి అనుమానితులు. ఎటు వెళ్లాలి వారు? ఒకే విశ్వాసం ఉన్నంత మాత్రాన తుపాకి ఆగదనడానికి ఇంకో ఉదాహరణ కూడా ఉంది: 2025 జూలైలో సరిహద్దు అవతల రెండు చిన్ సాయుధ బృందాలే, అంటే క్రైస్తవులూ క్రైస్తవులే, కొట్టుకున్నప్పుడు వేలమంది మళ్లీ జోఖావ్‌థార్ వంతెన దాటి ఇటు వచ్చారు.

చెప్పదలచుకున్నది ఇదే. రక్తసంబంధం ఉన్నచోట సేవ దానంతటదే జరుగుతుంది. అది గొప్పదే, కాదనను. కానీ అందులో విశ్వాసం పాలెంతో, చుట్టరికం పాలెంతో విడదీసి చూడటం కష్టం. చుట్టరికం ఆగిపోయిన చోట ఎవరు నిలబడతారన్నదే ప్రశ్న. దొంగలు కొట్టి దారిలో పడేసిన మనిషిని యాజకుడూ లేవీయుడూ చూసి దాటిపోతే, పరాయివాడైన సమరయుడు ఆదుకున్నాడని యేసు చెప్పిన కథను మన మందిరాల్లో లెక్కలేనన్నిసార్లు ప్రసంగించుకున్నాం. యాజకుడెవరో లేవీయుడెవరో సమరయుడెవరో చెప్పిన ఆ కథలో, దారిలో పడి ఉన్న మనిషి ఏ జాతివాడో ఎక్కడా చెప్పలేదన్న సంగతిని మాత్రం నేను విన్న ప్రసంగాల్లో ఎవరూ ఎత్తలేదు.

తెలుగు సంఘాలకు ఇక్కడ ఒక వీలుంది. మనం కుకీలమూ కాము, మెయితీలమూ కాము, మిజోలమూ కాము, బ్రూలమూ కాము. మనల్ని చూసి ఎవరూ 'వీళ్లు అవతలి పక్షం' అని తలుపు మూసుకోరు. అటువంటప్పుడు మన కానుక చుట్టాలున్నవారి దగ్గరికే మళ్లీ వెళ్లి చేరడంలో అర్థం లేదు. ఐజ్వాల్‌లోనూ చురాచాంద్‌పూర్‌లోనూ బలమైన సంఘాలున్నాయి. మన సాయం వారికీ అందాలి గానీ, మెయితీ క్రైస్తవులకు, క్రైస్తవులు కాని మెయితీ నిర్వాసితుల శిబిరాలకు, త్రిపురలో కొత్తగా స్థిరపడిన బ్రూ ఊళ్లకు ముందుగా అందాలి. పాత బట్టల మూటలు కాకుండా సొమ్ము పంపాలి. ఆ సొమ్ములో కొంత, జీతం లేని కాపరుల కోసం నెలనెలా వెళ్లేలా ఉండాలి. క్రిస్మస్‌కు ఒకసారి లారీ పంపి ఫొటో తీయించుకోవడం కంటే ఇది ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుందని నాకు తెలుసు. శిబిరంలో అన్నం పెట్టి మతం మారుస్తారన్న అనుమానం మన రాష్ట్రాల్లో గట్టిగా ఉంది. క్రైస్తవేతరుల శిబిరాలకు మా సంఘాలు వెళ్తే ఆ మాట ఇంకా గట్టిగా వినబడుతుంది. ఈ అనుమానానికి జవాబు మన చరిత్రలోనే ఉంది. 1876–78 నాటి కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ కాలమంతా బాప్తిస్మం ఇమ్మని వచ్చినవారిని అతను ఆపేశాడు, కూలి కోసం వచ్చిన విశ్వాసం తనకు వద్దన్నాడు. కూలి పని ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ సంఖ్యను ఎలా అర్థం చేసుకోవాలన్న విషయంలో చరిత్రకారులు ఈనాటికీ వాదించుకుంటున్నారు. కరువు దెబ్బ మనసుల మీద లేకుండా పోయిందని ఎవరనగలరు? అయినా అన్నానికీ బాప్తిస్మానికీ మధ్య గీత గీయాలన్న తెలివి ఆ మనిషికి ఆనాడే ఉంది. ఈనాటి తెలుగు సంఘాలు నిర్వాసితుల శిబిరాలకు వెళ్లేటప్పుడు ఆ గీతను మరింత కచ్చితంగా పాటించాలి. కరపత్రం లేకుండా, కూడిక పెట్టకుండా, ప్రార్థన చేయమని అడిగితే తప్ప చేయకుండా, మందులూ బడి ఫీజులూ ఇచ్చి తిరిగి రావడం మనకు చేతకావాలి.

నిర్వాసితుల కష్టం తెలుగువారికి పరాయి విషయం కూడా కాదు. బర్మాతో మన చుట్టరికం పాతది. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి తీరాల నుంచి రంగూన్ రేవులోనూ ధాన్యం మిల్లుల్లోనూ పనికి పోయినవారు వేలకు వేలు. 1930 మే నెలలో రంగూన్‌లో జరిగిన అల్లర్లలో దెబ్బతిన్నవారు ప్రధానంగా మన తెలుగు రేవు కూలీలే. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు లక్షలమంది భారతీయులు కాలినడకన బయలుదేరారు. వారిలో మనవారు కొందరు సరిహద్దు ఊళ్లైన తమూ, పాలేల్‌ల మీదుగా ఇంఫాల్ దారి పట్టారు. ఈనాడు మణిపూర్ శిబిరాలున్న కొండల గుండానే వారు నడిచారు. అక్కడి ఊళ్లవారు ఇచ్చిన నీళ్లూ గంజీ తాగి బతికినవారు ఉండి ఉంటారు. 1962లో నే విన్ సైనిక పాలన వచ్చి, ఆ తరువాత దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేసినప్పుడు మిగిలినవారిలో చాలామంది కట్టుబట్టలతో ఇక్కడ ఓడ దిగారు. నేనుండే కంచరపాలెంలో బర్మా క్యాంపు అన్న పేరు ఈనాటికీ నిలిచి ఉందంటే అందుకే. రంగూన్‌లోనూ మౌల్మేన్‌లోనూ తెలుగు, తమిళ కూలీల మధ్య బాప్టిస్టు సంఘాలు ఉండేవి. వారిలో ఇక్కడికి వచ్చినవారు తమ పాటలూ తమ పెద్దరికాలూ వెంట తెచ్చుకున్నారు. ఆ వృద్ధుల్లో ఎవరైనా ఇంకా మిగిలి ఉంటే, ఊరు వదిలిన సంఘం మొదటి ఆదివారం ఎలా కూడుకుంటుందో చిన్ కాపరి కన్నా బాగా చెప్పగలరు.

ఇంత దూరం వెళ్లి ఆలోచించేవారు ఇంటి దగ్గరి సంగతి మరవకూడదు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం అనే సాయుధ ఉద్యమం మొదలైన తరువాత ఒకవైపు దాని దాడులు, మరోవైపు మావోయిస్టుల తుపాకులు తట్టుకోలేక వేలాది గొత్తికోయ ఆదివాసులు అడవి దారుల్లో మన వైపు వచ్చారు. సల్వాజుడుం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలైలో తీర్పు చెప్పింది, కానీ వచ్చినవారు వెనక్కి పోలేదు. పోవడానికి అక్కడ ఊళ్లు మిగలలేదు. భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల్లోనూ, ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు ప్రాంతంలోనూ వాగుల పక్కన కర్రలతో కట్టిన గుడిసెల్లో వారు ఉంటున్నారు. ఇక్కడి షెడ్యూల్డ్ తెగల ధ్రువపత్రం రాదు, పోడు భూమికి పట్టా రాదు, చాలా గూడేలకు కరెంటూ మంచినీరూ లేవు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో ఒక అటవీ అధికారి హత్య జరిగినప్పుడు ఆ కోపమంతా గొత్తికోయలందరి మీదకూ మళ్లింది. ఆ ఊరి పంచాయతీ వారిని వెళ్లగొట్టాలని తీర్మానం చేసింది. మణిపూర్ కోసం కొవ్వొత్తులు వెలిగించి ఊరేగిన మా సంఘాలు ఆ గూడేలకు ఎన్నిసార్లు వెళ్లాయో చెప్పడానికి నా దగ్గర గర్వపడే లెక్క లేదు. వెళ్లినవారు లేకపోలేదు, వారిలో కొందరు మందులిచ్చి బడి నడిపి మాట్లాడకుండా తిరిగివచ్చినవారు, మరికొందరు వారంలోనే బాప్తిస్మాల ఫొటోలు పెట్టినవారు. ఆ రెండో రకం వారివల్ల మొదటి రకం వారికి కూడా గూడెం దారి మూసుకుపోతోంది.

ఇంకొక విషయం పక్కకు పెట్టలేను. తెగల గీతలు దాటలేదని మిజోలనూ కుకీలనూ మనం తప్పుపట్టే ముందు, మన తెలుగు సంఘాల్లో మాల మందిరం వేరు, మాదిగ మందిరం వేరు అన్న గీత నూట యాభై ఏళ్ల తరువాత కూడా చాలా ఊళ్లలో చెరగలేదని గుర్తు పెట్టుకోవాలి. ఒకే ఊళ్లో అరమైలు దూరంలో రెండు ఆరాధనలు, రెండు సమాధి స్థలాలు. నిర్వాసితులకు సహాయం పంపే కమిటీలో సైతం ఏ వర్గం వారు ఎందరన్నది మొదట తేలాలి. ఈశాన్యంలో ఆ గీత తుపాకితో గీయబడింది, మన దగ్గర పెళ్లి పత్రికలతో గీయబడింది, అంతే తేడా.

మీ పత్రికకు నా విన్నపం రెండు విషయాల్లో. చంఫాయ్ దాకా విలేకరిని పంపడం ఖర్చుతో కూడిన పని కావచ్చు. మణిపూర్, మిజోరంల నుంచి ఆంగ్ల ఏజెన్సీలు ఇచ్చే లెక్కలతో పాటు అక్కడి శిబిరాల్లో నెలనెలా ఏం జరుగుతోందో రాయించగలిగితే మంచిది. చింతూరు, చర్ల, తాడ్వాయి మాత్రం దూరం కావు. అక్కడి గొత్తికోయల గూడేల గురించి హత్యలూ కూల్చివేతలూ జరిగిన రోజున కాకుండా మామూలు రోజున కూడా ఒక విలేకరి రాయాలి. బడి ఎంత దూరమో, జ్వరం వస్తే ఎక్కడికి పోతున్నారో, ఎవరు వచ్చి పోతున్నారో. క్రైస్తవ సంస్థలు అక్కడ ఏం చేస్తున్నాయో, ఏం చేయడం లేదో కూడా నిర్మొహమాటంగా రాయండి; పొగడ్త మాకు అక్కరలేదు.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల్లో మా సంఘాల్లో ఒక ప్రత్యేక కానుక పోగుచేసే ఆచారం ఉంది. ఈ ఏడాది ఆ కానుకలో సగం ఇంఫాల్ లోయలోని మెయితీ నిర్వాసితులకు, సగం మన ఏజెన్సీలోని గొత్తికోయ గూడేల్లో మంచినీటి బోర్లకు ఇవ్వాలని మా సంఘం పెద్దల సమావేశంలో నేను ప్రతిపాదించాను. బోర్ల విషయంలో ఎవరూ అడ్డు చెప్పలేదు. మెయితీల విషయంలో మాత్రం, మందిరాలు తగలబెట్టినవారి ఊళ్లకు మన సొమ్ము ఎందుకు పంపాలని ఇద్దరు పెద్దలు అడిగారు. వారి కోపం నాకు అర్థమైంది. శిబిరంలో ఉన్న పిల్లలు ఏ మందిరాన్నీ తగలబెట్టలేదని మాత్రం అన్నాను. నిర్ణయం వచ్చే నెల సమావేశానికి వాయిదా పడింది. ఆలోగా ఇతర తెలుగు సంఘాల పెద్దలు ఈ విషయంలో ఏమంటారో మీ పత్రిక ద్వారా తెలిస్తే మాకు ఉపయోగపడుతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కంచరపాలెం, విశాఖపట్నం.